చదివి వినిపించని కథ

మొన్న మంగళవారం పొద్దున చీపురుపల్లి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఒరే, మీ మావ ఎల్లిపోనాడురా" అని ఫోన్ పక్కన పెట్టేసింది. అమ్మకు ఒక్కడే తమ్ముడు. కొచ్చిలో అద్దె ఇంట్లో గుండె ఆగి పోయాడట. మలయాళంలో మూడు సినిమాలు తీసిన మనిషి. వాటిలో ఒక్కటి కూడా మా ఇంట్లో ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు.

అంతకుముందు మావ శ్రీకాకుళంలో విలేకరి. ఆ రోజుల్లో అక్కడ పేపరు చదివినవాళ్లయితే మావ వార్త ఒక్కటైనా మీ కంట పడే ఉంటుంది. మావకో చాదస్తం ఉండేది. ఎవరి గోడు రాశాడో వాళ్ల గుమ్మం దగ్గరికి తిరిగి వెళ్లి, మొత్తం చదివి వినిపించి, వాళ్లు సరేనంటేనే ఆఫీసుకు పంపేవాడు. వార్త ఆలస్యమయ్యేది, చీవాట్లు పడేవి. "ఆల మాట ఆలకి ఇనిపించకుండా అచ్చేస్తే దొంగతనంరా" అనేవాడు.

కేరళ తీరంలో బోట్ల మీద పనిచేసే మన జాలర్ల గురించి రాయడానికి పది రోజుల కోసం వెళ్లి, అక్కడే ఉండిపోయాడు. భాష నేర్చుకున్నాడు, దర్శకుల వెనక తిరిగాడు, దర్శకుడయ్యాడు. మూడో సినిమా కళింగపట్నంలో చేపలు ఎండబెట్టే ముసలమ్మ కథ. ఆమె భర్త సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. విలేకరిగా ఆ వార్త రాసి, ఆమెకు చదివి వినిపించింది మావే. సినిమా కథ మాత్రం వినిపించలేదు. స్క్రిప్టు మలయాళంలో ఉంది కదా, తీశాక చూపిద్దాంలే అనుకున్నాడు.

సినిమాకు అక్కడ మంచి పేరొచ్చింది. ఆ సంతోషంలో కళింగపట్నం వచ్చి, ఒక సాయంత్రం ఆమె ఇంటి గోడకు తెల్లదుప్పటి కట్టి సినిమా వేశాడు. నేనూ ఉన్నాను. పక్కన నిలబడి ఒక్కో మాటా మన యాసలో చెప్పాడు. భర్త కబురు తెలిసి హీరోయిన్ ఒడ్డున పడి ఏడ్చే చోట ముసలమ్మ చెయ్యెత్తింది.

"ఆపు బాబూ. ఇది నాను కాదు. ఆ రోజు నాను ఏడిసినానేటి? మబ్బు కమ్మినాది, సేపలు లోపలికి ఎత్తుకున్నాను. అప్పుడు పేపర్లో ఆ మాట నువ్వే కదా రాసినావు?"

మావ ముఖం ఇప్పటికీ నాకు గుర్తే. "తప్పయిపోనాదమ్మా. మన మాటల్లోనే మల్లీ తీస్తాను. ముందు నీకే సదివి ఇనిపిస్తాను" అన్నాడు.

ఆ మాట కోసం తొమ్మిదేళ్లు తిరిగాడు. హైదరాబాదులో ఒకరు యాస మార్చమన్నారు, ఇంకొకరు పాటలు పెట్టమన్నారు. కొచ్చిలో, తీసిన కథే మళ్లీ ఎందుకన్నారు. నిర్మాత దొరక్కుండా ఆమెకు మొహం చూపించలేనని కళింగపట్నం వైపే రాలేదు. వచ్చి చదివితే ఆమె వినేదే. నిరుడు ఆమె పోయింది. కబురు నేనే చెప్పాను. "ఇంక రాసి ఏటి సేస్తాన్రా" అన్నాడు. ధైర్యం చెప్పాల్సింది నేను. చెప్పలేకపోయాను.

కొచ్చి నుంచి తెచ్చిన మావ సంచిలో తెలుగు స్క్రిప్టు దొరికింది. పేజీ పేజీకీ అంచున "కళింగపట్నం అమ్మకి వినిపించాలి" అని రాసుకున్నాడు.

నిన్న ఆ కాగితాలు పట్టుకుని కళింగపట్నం వెళ్లాను. ముసలమ్మ కూర్చునే చోట ఆమె కోడలు చేపలు తిరగేస్తోంది. సంగతి చెప్పి చదవడం మొదలుపెట్టాను. ఒక పేజీ విని, "సెప్పినావిడ లేదు, రాసినాయన లేడు. ఇది సరో కాదో నానేటి సెప్పగలను బాబూ?" అంది.

ఇంతలో సముద్రం మీద మబ్బు కమ్మింది. ఆమె లేచి గబగబా చేపలు తట్టలోకి ఎత్తసాగింది. కాగితాలు చొక్కాలోకి తోసుకుని, నేనూ ఒక తట్ట అందుకున్నాను.