పెద్ద చేపకు తెచ్చిన తోడు

నేను ఒక చేప మీద అసూయపడ్డాను. మనిషి మీద కాదు, చేప మీద. మీకు నవ్వు వస్తే నవ్వండి. నేనూ చాలాసార్లు నవ్వేసి తప్పించుకోవాలని చూశాను. కుదరలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఇది నాలో ఉంది, తలగడలో మరిచిపోయిన సూదిలా. ఎటు తిరిగి పడుకున్నా నన్ను వెతుక్కుంటూ వస్తుంది.

నేను దర్జీని. రాయదుర్గం బజారులో నా అంగడి, దానికి ఎదురుగా ఓబులేసు అంగడి. ఇద్దరం ఒకే మేస్త్రి దగ్గర కాజాలు కుట్టడం నేర్చుకున్నాం. వాడు నాకంటే బాగా కుట్టేవాడేమీ కాదు. అయినా వాడి అంగట్లోని ఆ చేప మీద నాకు కన్ను కుట్టింది. కుట్టడమే బతుకైనవాడికి కన్ను మాత్రం కుట్టకుండా ఊరుకుంటుందా?

ఎనభైల మొదట్లో ఓబులేసు బెంగళూరు నుంచి ఒక గాజు తొట్టి, అందులోకి ఆస్కార్ అనే చేప తెచ్చిపెట్టాడు. నల్లటి ఒంటి మీద ఇటుక రంగు మచ్చలు. అరచెయ్యంత ఉండేది. కొళాయికి నాలుగు రోజులకోసారి నీళ్లొచ్చే ఊళ్లో చేపను పెంచడమంటే ఏనుగును పెంచడమే. చూడడానికి వచ్చిన జనం ఊరికే పోలేక చొక్కా కొలతలు ఇచ్చి పోయేవారు. అది ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది వేరే.

మా నాయన విడపనకల్లు వైపు వేరుశనగ వేసి బతికిన మనిషి. బావి ఎండిపోయింది. ఇంకా లోతు తవ్విస్తే రాయి పడింది. ఎద్దుల్ని అమ్మేసి నా దగ్గరికి వచ్చాడు. వచ్చిన వారానికే ఓబులేసు బల్ల మీద చేరాడు. పొద్దస్తమానం ఆ తొట్టి ముందే. మార్చిన నీళ్లను పారబోయనిచ్చేవాడు కాదు, బకెట్టు మోసుకెళ్లి వీధి చివరి వేపమొక్కకు పోసేవాడు. నాతో రోజుకు నాలుగు మాటలు ఆడని మనిషి ఆ చేపతో గంటలు గంటలు మాట్లాడేవాడు.

“మన అంగట్లో కూర్చోగూడదా నాయనా?” అని ఒకరోజు అడిగాను.

“నీ అంగట్లో ఏముండాది చూడను? నువ్వు వంచిన తల ఎత్తవు. అది నన్ను చూస్తానే తోక ఊపుతాంది.”

ఓబులేసు మిషను తొక్కుతూనే అందుకున్నాడు. “ఏమప్పా, మీ నాయనను నాకు దత్తు ఇచ్చేస్తివా ఏం?”

నవ్వాను. ఆ నవ్వుకు లోపల అస్తరు లేదు.

ఆస్కార్ చిన్న చేపల్ని మింగే జాతి. ఓబులేసు తోడుగా వేసిన చెరువు చేపపిల్లల్ని సాయంత్రానికల్లా ఖాళీ చేసింది. అట్లాగని ఒంటరిగా ఉంచితే రాళ్ల వెనక అలిగి పడుకునేది. అది బయటికి రాని రోజు నాయనకు అన్నం సహించేది కాదు. నేను గుండీలు, అస్తరు గుడ్డ కొనడానికి బెంగళూరు పోతున్నానని తెలిసి, దానికి సరిపడే తోడు చూసి తెమ్మన్నాడు ఓబులేసు. నాయన కూడా తెమ్మన్నాడు. ఆయన నన్ను నోరు తెరిచి అడిగిన పని అదొక్కటే. బయలుదేరే ముందు టేపు తీసి, గాజు మీది నుంచే దాని నోరు కొలిచాను. చేపకు కొలతలు తీసుకున్న దర్జీ జిల్లాలో నేనొక్కడినేనేమో.

ఆరు వెండి రంగు చేపలు తెచ్చాను. ఎలా ఏరానో చివర చెబుతాను. ఇప్పుడే చెప్పడానికి చెయ్యి ఆడడం లేదు.

మూడు నెలలు అంతా బాగుంది. ఆరూ మెరుస్తూ ముందు తిరిగేవి, పెద్దది వాటి వెనకే ధీమాగా వచ్చేది. మంచివి తెచ్చినావురా అన్నాడు నాయన. ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్లు ఎదురుచూశానో! విన్నాక కూడా సంతోషం ఎందుకు రాలేదో నాకు తెలుసు. తర్వాత ఒకరోజు పొద్దున ఓబులేసు అంగడి తెరిచేసరికి తొట్టిలో ఐదే ఉన్నాయి. ఇంకో వారానికల్లా నాలుగే. నెల తిరిగేలోపు ఒక్కటీ లేదు.

ఆ రోజు నాయన వీధి దాటి వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు. నేను కోరుకున్నది అదే కదా?

“ఇంగ ఆడికి పోనురా,” అన్నాడు. “నా కండ్లు మంచివి కావు. బాయిని చూస్తి, ఎండిపాయ. వాటిని చూస్తి, అవీ పాయ.”

“అట్లేం కాదు నాయనా. పెద్దది తినింటాది.”

“మూన్నెల్లు తిననిది ఇప్పుడెందుకు తింటాది?”

జవాబు నా నోట్లోనే ఉంది. దారం కూడా ఉంది. దారాన్ని కొరికాను.

ఆయన ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. నా బల్ల మీదే, గోడకేసి చూస్తూ. మా చిన్నాన్న కొడుకు పొలంలో బోరు వేయిస్తూ, పెద్దవాడివి వచ్చి నిలబడమని మనిషిని పంపితే పోలేదు. తన కళ్లు పడితే నీళ్లు పడవన్నాడు. నీళ్లు పడ్డాయి. తాను పోలేదు కాబట్టే పడ్డాయని నమ్మాడు. అప్పుడైనా నేను చెప్పి ఉండాల్సింది కాదా? చెబితే లేచి మళ్లీ ఎదుటి అంగడికి పోతాడని భయపడ్డానా? అప్పటికి ఓబులేసు ఆ తొట్టి కూడా తీసేశాడు. అయినా భయపడ్డానా? అవును. అయినా.

ఇక ఆ ఏరిన సంగతి. బెంగళూరులో చేపల అంగడాయన రెండు తొట్లు చూపించాడు. రెండింట్లోనూ అవే వెండి చేపలు. ఒకదాంట్లో బాగా ఎదిగినవి, ఒకదాంట్లో పిల్లలు. నేను చెప్పిన కొలత విని, ఈ పిల్లలు ఈ రోజుకు దాని నోట్లో పట్టవు గానీ, అది వీటికంటే తొందరగా పెరుగుతుంది, నాలుగు నెలల్లో పడతాయి, ఎదిగినవే తీసుకో అన్నాడు. నాకు రెండోసారి చెప్పనక్కర లేదు. బడిపిల్లల నిక్కర్లకు మడత లోపల రెండంగుళాలు వదిలి కుట్టేవాడిని. ఏది ఎప్పటికి ఎంత పెరుగుతుందో నాకంటే తెలిసినవాడెవడు?

ఆ చేప ఒక్కొక్కదాన్నే మింగుతుంటే నాయనకు దాని మీద మనసు విరగాలి. అంతే అనుకున్నాను. ఆయన మనసు ఆయన మీదే విరుగుతుందని అనుకోలేదు. అనుకుని ఉంటే ఆగేవాడినా? తెలియదు.

పిల్లల తొట్టి వైపు వేలు చూపించి, ఆరు ఇమ్మన్నాను. ఊరికొచ్చి, అంగడాయనే ఏరి ఇచ్చినాడని ఓబులేసుతో చెప్పాను.

ఏరింది నేను. తెలిసే ఏరాను. గొంతులో ఇన్నేళ్లు నిలిచిన మాటలు, రాస్తే ఇంతే ఉన్నాయి.