బండి కంటికి పసుపు

నౌపడ ఉప్పు మడుల దగ్గర లోడు ఎత్తే డ్రైవర్లకు ఏళ్లుగా వండి పెడుతున్నాను. నా మొగుడూ డ్రైవరే. స్టీరింగు మీద కునుకు తీశాడు, ముందు ఆగి ఉన్న ట్రాలీ కిందికి పోయాడు. అంతే. అందుకే మా తమ్ముడికి యజమాని కొత్త లారీ ఇచ్చాడని, దారికి ఏదైనా అడ్డొస్తే డ్రైవరు తొక్కకపోయినా అదే బ్రేకు వేస్తుందని విన్నప్పుడు నా ప్రాణం కాస్త కుదుటపడింది. వాడికి మాత్రం ఒళ్లు మండింది. మొదటి రోజే దాని మీట ఆపేశాడు.

"ఆటోవోడు అడ్డొచ్చిన పెతిసారీ అదే బ్రేకేసేస్తే ఎనకాలోడు నన్ను గుద్దడేటప్పా?" అని అక్కనైన నా మీదే ఎగిరాడు.

అది అబద్ధమని నేననను. మరి నిద్ర సంగతో అని అడిగాను.

"నానేటి, బావనాగ తొంగుంతానా?"

ఆ మాటకు నేను గరిటె విసిరేశాను.

మిగతా డ్రైవర్లదీ ఇదే గోల. చివరికి లారీల కంపెనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. మా పాకలో అందరినీ కూర్చోబెట్టి ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చూపించాడు. ఆ రోడ్డు మీద ఒక్క గేదె లేదు, ఎదురొచ్చే బండి లేదు. వీళ్లు ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకున్నారు.

"బొమ్మలు సాలు బాబూ. బండి నడిపి సూపించు," అన్నాను.

మడుల పక్కన ఖాళీ దారిలో ఊక బస్తాలు నిలువెత్తు పేర్చాం. తమ్ముడి లారీకి ఆ మీట వేసి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఇంజనీరే నడిపాడు. బండి ఆగలేదు. బస్తాలు పగిలి ఊక అందరి నెత్తినా పడింది.

"ఒరే మావా, ఎంత బాగా ఆగినాదో సూసినావా," అన్నాడొకడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఒక ముసలి డ్రైవరు మాత్రం నా వంక చూసి, "పొద్దున పూజ ఈవిడ సేత సేయించినాడు. ముత్తయిదువు సెయ్యి కాదు గదా," అన్నాడు.

కొత్త బండికి పూజ చేసింది నేనే. తనను పెంచిన చెయ్యి అని తమ్ముడే పట్టుబట్టాడు. నిచ్చెన వేసుకుని ముందు అద్దం నడిమధ్యన, పైన, మందంగా పసుపు రాసి బొట్టు పెట్టాను. సరిగ్గా దాని వెనకే బండికి దారి చూసే కెమెరా కన్నుందట. నాకెవరు చెప్పారు?

ఇంజనీరు నాలిక కరుచుకుని రుమాలుతో తుడిచాడు. మిగిలిన బస్తాలు నేనే మళ్లీ పేర్చాను. ఈసారి వాటికి రెండు బారల దూరంలో ఆగింది. చూసేందుకెవరున్నారు? అందరూ నవ్వుకుంటూ లోడుకి పోయారు.

తమ్ముడు దిగి, "పసుపుకే గుడ్డిదైపోతే మన ఉప్పు బురదకి ఏటవుతాది?" అని అడిగాడు.

"రోజూ తుడుచుకోవాలండీ. పుస్తకంలో రాశాం," అన్నాడు ఇంజనీరు.

ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది.

"ఆ ముక్క పొద్దున్నే నోటితో సెప్పలేకపోనావా బాబూ," అన్నాను. అతను కారెక్కి వెళ్లిపోయాడు.

లోడయ్యాక తమ్ముడు బయల్దేరబోతే బండికి అడ్డం నిలబడ్డాను.

"ఆ మీట ఏసి ఎల్లు."

"ఏసేనప్పా. తప్పుకో."

మెట్టెక్కి లోపలికి చూశాను. స్టీరింగు వెనక ఏవో దీపాలు వెలుగుతున్నాయి, వాటి పక్కన ఇంగ్లీషు అక్షరాలు. నాకు తెలుగే కూడబలుక్కోవాలి.

"ఇందులో ఆ బ్రేకుది ఏది?" అని వేలు పెట్టి అడిగాను.

వాడు హారన్ కొట్టాడు. దిగాను.