మామ జేబులో గ్యాస్ గోలీలు

కరీంనగర్‌లో మందుల షాపులో చేరి కొత్తగా తెల్లకోటు తొడుక్కున్న ఆ రోజుల్లో, నన్ను మించిన డాక్టరు జిల్లాలో లేడని నాకు గట్టి నమ్మకం. (జిల్లాకు ఆ సంగతి తెలియదు.) నా పాండిత్యం మొదట మా సుల్తానాబాద్ మామ మీద కుమ్మరించాను. మామ మా అమ్మకు తమ్ముడు. గుండెకు స్టెంటు వేశాక డాక్టరు ఆయనకు రెండు గోలీలు రాశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక చిన్న ఆస్పిరిన్, అది కడుపులో పుండు చేయకుండా పొద్దున పరగడుపున ఇంకొకటి. ఈ రెండోదాని గురించి నేను చెప్పిన పాఠమంతా మామ భక్తిగా విని, "నాకు గ్యాసే లేదు కోడలా, గ్యాస్ గోలి నాకెందుకు?" అన్నాడు. అది గ్యాసుకు కాదని నేను మళ్ళీ మొదలుపెట్టేలోగా బస్సెక్కేశాడు.

అయినా గోలీలు నెలనెలా కొనేవాడు. కొనకపోతే అత్తమ్మ ఊరుకోదు, కొన్నాక పారేయడానికి ఆయనకు మనసొప్పదు. మా వైపు పెండ్లి దావత్ అంటే మటన్, ఆ తర్వాత పొట్ట పట్టుకుని ఆయాసపడడం. అందుకని మామ గోలీల షీటు అంగీ జేబులో పెట్టుకుని, చేతులు కడుక్కునే చోట నిలబడి, వక్కపొడి పంచినట్టు తలా ఒకటి పంచేవాడు. పెండ్లికొడుకు తండ్రి కంటే మామ చుట్టూనే ఎక్కువ మంది ఉండేవారు. ఆ గోలీ ఆయన కడుపులో తప్ప చుట్టాలందరి కడుపుల్లోనూ పడింది.

హుస్నాబాద్‌లో మా చిన్నమ్మ కూతురి పెండ్లి దావత్‌లో మామ కుర్చీలో కూర్చుని పంచుతున్నాడు. ముఖం పాలిపోయి ఉంది, నుదుట చెమట. నా విస్తరిలో అప్పుడే మూలుగ నిండిన నల్లి బొక్క పడింది (ఇది ఎందుకు గుర్తుందో మటన్ తినేవాళ్ళకు చెప్పనక్కర్లేదు). అత్తమ్మ వచ్చి, మామకు నిన్నటి నుంచి దొడ్డికి తారులా నల్లగా పోతోందని, దావత్ అయ్యాక చూద్దామంటున్నాడని నా చెవిలో చెప్పింది. లోపల రక్తం కారుతోందని అర్థమైంది. తెల్లకోటు గర్వమంతా దిగిపోయింది. దవాఖానకు లెమ్మంటే, "జర ఆగు, గా ముసలాయనకు గోలి ఇయ్యాలె" అన్నాడు మామ.

చేతికందింది పెండ్లికారే. బంతిపూల దండలతో సహా కరీంనగర్ దవాఖాన ముందు దిగాం. గొంతులోంచి గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు. రక్తం కారడం ఆపి, కొత్త రక్తం ఎక్కించి, మామ తేరుకున్నాక డాక్టరు ఆయన పక్కన కూర్చున్నారు. "గుండె గోలి నిన్ను బతికిస్తది గని కడుపును గీరుతది. పరగడుపు గోలి దానికి కావలి. గుండె గోలి నీ అంతట నువ్వు బంద్ చెయ్యకు, కావలోన్ని ఊరికి పంచకు" అన్నారు.

చూడవచ్చిన చుట్టాలెవరూ పండ్లు తేలేదు. తలా ఒక గ్యాస్ గోలీల షీటు తెచ్చి మంచం మీద పెట్టిపోయారు. ఆ కుప్పను చూసి మామ నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఇన్నేళ్ళకు ఇప్పుడు నా గుండెకూ ఆ రెండు గోలీలే రాశారు. షాపు తెరిచే హడావిడిలో పరగడుపుది మరిచిపోతాను. పొద్దున్నే మామ ఫోన్ చేసి, "ఏసుకున్నవా?" అంటాడు. "నాకు గ్యాస్ లేదు మామా" అంటాను, ఊరికే ఆటపట్టించడానికి. "గది గ్యాసుకు కాదు కోడలా" అని, వణికే గొంతుతో, ఆనాటి నా పాఠమే ఒక్క ముక్క పోకుండా మొదటినుంచీ చెబుతాడు. నేను బస్సెక్కను. గోలీ అరచేతిలో పట్టుకుని చివరిదాకా వింటాను.