ఉల్లిగడ్డలకు పోయిన డబ్బాలు

మా మేనత్త పోయిందని కోరుట్ల నుంచి ఆమె కొడుకు, మా బావ ఫోన్ చేసిన పొద్దున నేను జగిత్యాలలో పనికి బయలుదేరుతున్నాను. ఏడుస్తూ బస్సెక్కాను, ఏడుస్తూనే తిరిగొచ్చాను. దినాలకు మళ్లీ వెళ్లినప్పుడు మాత్రం ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంట మీదే ఇది రాస్తున్నాను. మావాళ్లు చదివి ఏమనుకున్నా సరే.

గల్ఫ్ ఇళ్లు తెలిసినవాళ్లకు చాక్లెట్ డబ్బాల సంగతి చెప్పక్కర్లేదు. దుబాయ్ నుంచో మస్కట్ నుంచో మనిషి దిగితే వాడకట్టంతా చాక్లెట్లు పంచుతారు. ఖాళీ అయిన రేకు డబ్బా పసుపుకో, సూదీదారానికో పనికొస్తుంది. మా అత్త డబ్బాను అలా పోనిచ్చేది కాదు. "చాక్లెట్లు పోరగాండ్లకు వెట్టు, డబ్బా నాకియ్యి" అని అడిగి మరీ తెచ్చుకునేది. ఎందుకత్తా అంటే, "షుగరున్న దాన్ని, నాకింకేం మిగిలింది?" అని నవ్వేది.

ఇంట్లో గోడ అరలన్నీ డబ్బాలే. గుండ్రటివి, ఆరు మూలలవి, మూతల మీద గుర్రబ్బండ్లు, గులాబీలు, మంచు కప్పిన ఇళ్లు, గొడుగు పట్టిన దొరసాని బొమ్మ. వానాకాలానికి ముందు అన్నిటినీ వాకిట్లో ఎండకు పెట్టి, పాత లుంగీ గుడ్డతో తుడిచి, అంచులకు కొబ్బరినూనె రాసేది. "గీ దొరసానిని సూడు బిడ్డా. ఎండ లేదు, వాన లేదు, గొడుగెందుకు వట్టుకున్నదో!" ప్రతి ఏడూ అదే మాట, ప్రతి ఏడూ ఇద్దరం నవ్వేవాళ్లం. ఒక్క డబ్బాలో చిటికెడు ఆవాలు కూడా పోయనిచ్చేది కాదు.

దాని వెనక కథ ఒకటుంది. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపిన మా మామ, ఆ పని కూడు పెట్టక మస్కట్ పోయాడు. పెట్టెలో వచ్చాడు. శవమై వచ్చాడనడానికి మా దిక్కున ఆ ఒక్క మాట చాలు. ఇంటికి తేవాలని ఆయన కొన్న చాక్లెట్ డబ్బా సామాన్లతో పాటు వచ్చింది. దాని టేపు అత్త ఏనాడూ విప్పలేదు. నడిమి అరలో దాన్ని పెట్టి, చుట్టూ మిగతావి పేర్చుకుంటూ వచ్చింది. "గివన్ని నడుసుకుంట అచ్చినోల్లయి. గిది ఎదురింటి పెద్దోనిది, గిది మల్యాల అల్లునిది. అందరు కాళ్ల మీద అచ్చిండ్రు" అని చూపించేది. అందుకే వాడకట్టు పిల్లలు విమానం దిగి వస్తే సొంతింటి కన్నా ముందు ఆమె గడపకే వచ్చేవాళ్లు. ఆమె ముందు వాళ్ల కాళ్లు చూసేది, తర్వాతే మొహం.

"నేను వోయినంక గీటిని పాత సామాన్లోనికి ఎయ్యకుండ్రి. మీకు దండం వెడత" అని అందరి ముందూ చెప్పింది. బావ ముందు కూడా.

దినాలనాడు వెళ్లేసరికి అరలన్నీ ఖాళీ. నడిమి అరలో ఉల్లిగడ్డల సంచి ఉంది.

"డబ్బాలేవి బావా?"

"తుప్పు వట్టినయి. పాత ఇనుముకు ఉల్లిగడ్డలిచ్చే ఆటో అచ్చింది, ఏసిన. దినాలకు ఉల్లిగడ్డ గావాలె గదా."

"మామ డబ్బా?"

"అన్నిట్ల అది గూడ వోయింది. రేకు డబ్బాలకు గింత లొల్లేంది?"

సిగ్గుండాలి! కన్నతండ్రి ఆఖరిసారి కొన్న వస్తువు. తల్లి దండం పెట్టి అడిగిన ఒకే ఒక్క కోరిక. ఆ ఉల్లిగడ్డలే తరిగి మటన్‌లో వేశారు. బంతిలో కూర్చున్నవాళ్లు కూర బాగా కుదిరిందన్నారు. నేను విస్తరి ముట్టలేదు. "పోనియ్యి బిడ్డా, పోయినయి అస్తయా" అని ఒక పెద్దమనిషి నచ్చజెప్పబోయాడు. ఆయన ఇంట్లో పాత నాణేలు అద్దాల పెట్టెలో ఉంటాయి. మగవాడు దాస్తే అది సేకరణ, వచ్చినవాళ్లకల్లా చూపిస్తారు. మా అత్త దాస్తే పిచ్చి. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను.

అప్పుడే గల్ఫ్ నుంచి వచ్చిన ఎదురింటి చిన్నకొడుకు ఆటో దిగాడు. దూరాన ఉన్నవాడు బాధపడతాడని అత్త సంగతి వాడికి ఎవరూ చెప్పలేదట. తాడు కట్టిన సూట్‌కేసు రోడ్డు మీదే వదిలేసి, డబ్బా పట్టుకుని వచ్చి, చెప్పులు విడిచి గడప ముందు నిలబడ్డాడు.

"పెద్దమ్మా! అచ్చిన, సూడు!"

టెంటు కింద తింటున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. బావే లేచి విషయం చెప్పాడు. వాడి మొహం చూడలేకపోయాను. ఏం చెయ్యాలో తెలియక వాడు డబ్బా చాపితే, బావ చెయ్యి పెట్టి, "ఇటియ్యి, పోరగాండ్లకు పంచుదాం" అన్నాడు.

"చెయ్యి తియ్యి బావా" అన్నాను. లోపలికి పోయి నడిమి అర మీది సంచిని రెండు చేతులా లాగిపడేశాను. కొంగుతో అర తుడిచి వాణ్ని పిలిచాను. టేపు విప్పకుండా డబ్బాను వాడే అక్కడ పెట్టాడు.

మూతి ఊడిన సంచిలోంచి ఉల్లిగడ్డలు గడప దాటి, వాకిట్లోకి, బంతిలో కూర్చున్నవాళ్ల విస్తళ్ల దాకా దొర్లుకుంటూ పోయాయి. వంగి ఒక్కటి ఏరినవాళ్లు లేరు.