మందారం కోసం లేచిన బండ

మా చిన్నప్పుడు... తాండూరులో మా ఇంటి వాకిలంతా నాపరాళ్లే. మా నాయిన రాళ్ల గనిలో పనిచేసేవాడు. తన చేత్తో చెక్కి, తనే పరిచిన బండలవి. ఇంట్లో కాలికి మన్ను అంటకూడదని ఆయన పంతం.

అలాంటి ఇంటికి నేను ముద్దమందారం మొక్క పట్టుకొచ్చాను... పక్కింటి ఖాలా ఇచ్చింది, ఉర్దూలో ఖాలా అంటే పిన్ని. తీరా చూస్తే నాటడానికి జానెడు మన్ను లేదు. అన్నం ముట్టకుండా ఏడ్చాను. మర్నాడు నాయిన గునపం తెచ్చి, బావి పక్కన ఒక బండ లేపాడు.

"దసరా దాకా చూస్త. పువ్వు పూయకుంటే బండ మళ్ల పరుస్త" అన్నాడు. అన్నాడంటే చేసే మనిషే.

ఇక నా హడావుడి చూడాలి... బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, చెంబులకు చెంబులు. వాన పడుతున్నా గొంగడి కప్పుకుని పోయి పోసేదాన్ని. మొగ్గలొచ్చాయి. ఎన్ని గంతులేశానో. వారం తిరక్కుండానే అన్నీ పసుపుబారి రాలిపోయాయి. దసరా ఇంకా ఇరవై రోజులే. నాకు ఏడుపు ఆగలేదు.

ఖాలా వచ్చి మన్నులో వేలు పెట్టి చూసింది.

"గిన్ని నీళ్లు పోస్తే యాడికి పోతయి బిడ్డా? సుట్టూ బండలే గదా. మన్ను ఎండినంక పొయ్యి. దూపైతేనే తాగుతది. జర సబర్ చెయ్యి."

ఓపిక పట్టడమంటే మాటలా... చెంబు కనిపిస్తే చాలు, చేతులు ఊరుకునేవి కావు. చివరికి అమ్మ చెంబు తీసి అటక మీద పెట్టేసింది. రోజూ పొద్దున్నే మన్నులో వేలు పెట్టి, తడి తగిలితే గొణుక్కుంటూ వెనక్కి వచ్చేదాన్ని.

దసరాకు ముందు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే లేచి చూద్దును గదా... పిడికిలంత ఎర్రటి పువ్వు! నా కేకకు ఖాలా కూడా పరుగెత్తుకొచ్చింది. బతుకమ్మలో పెడదామని అమ్మ అడిగితే కొమ్మకు అడ్డంగా నిలబడ్డాను.

నాయిన వేపపుల్ల నములుతూ మొక్క మొదలు దగ్గర వంగి చూశాడు.  లోపలికి పోయి ఉలి, సుత్తి తెచ్చాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"పూసింది గద నాయినా" అన్నాను.

"పూసింది తియ్యి. రేపు చెట్టు మొదలు లావైతది, జాగ సాలదు" అంటూ కూర్చుని, పక్క బండ అంచు కూడా చెక్కేశాడు.

ఇప్పుడు మా బాల్కనీలో మందారం ప్లాస్టిక్ కుండీలో ఉంది. బాగానే పూస్తుంది... కానీ దానికి జాగా చాలడం లేదని చూసేవాళ్లు ఎవరున్నారు?

మీ ఇంట్లో ఏ మొక్క కోసం ఎవరు బండ లేపారు... చెప్పరూ?