మాడ్యూల్స్ ఫైలు దొరగారు

మా ఆఫీసులో ఆయన్ని అందరూ దొరగారు అనేవాళ్లం. ఎదురుగా వినయంగా, వెనకాల నవ్వుతూ. మేమంతా రాసిన ప్రోగ్రాములు భద్రపరిచే రిపాజిటరీలో మాడ్యూల్స్ అని ఒక ఫైలుంది. ఏ పేరు అడిగితే ఏ ఫోల్డరు తెచ్చివ్వాలో అందులో ఉంటుంది. అందులో కొత్త పేర్లు, అంటే మాడ్యూళ్లు, చేర్చడం దొరగారి ఉద్యోగం. అంతే. ఆ మాత్రానికే కుర్చీకి తువ్వాలు, బల్ల మీద ‘ముందుగా చెప్పి రావలెను’ అని బోర్డు.

"అంత తేలికనుకున్నారా? ఒక్క అక్షరం తేడా వస్తే కొంప మునుగుతుంది" అనేవారు కళ్లజోడు తుడుచుకుంటూ. టీ ఇప్పించినవాళ్ల పని సాయంత్రానికయ్యేది. ఇప్పించనివాళ్లు వారమంతా తిరగాల్సిందే.

ఆయన బావమరిది నా పక్క సీటే. "ఇంట్లో మా అక్క కసిరితే కుక్కిన పేనులా పడుంటాడండీ. ఆ కసంతా ఇక్కడ తీర్చుకుంటాడు" అనేవాడు.

ఉన్నట్టుండి దొరగారికి హెర్నియా ఆపరేషన్ పడింది. అదే వారం కొత్తగా చేరిన ఇంజినీరమ్మాయి మాడ్యూలు చేర్చాల్సొచ్చి ఆస్పత్రికి ఫోన్ చేసింది.

"ఎలాగో చెప్పండి సార్, నేను చేసుకుంటాను."

"చెబితే వచ్చేది కాదమ్మా. నేనొచ్చాక చూద్దాం."

ఆ అమ్మాయి ఊరుకోలేదు. ఫైలు తెరిచింది. తాళం లేదు, గొళ్లెం లేదు. ఒక పేరు కొట్టి, పక్కన ఫోల్డరు పేరు కొట్టి సేవ్ చేసింది. పనైపోయింది.

"ఇంతేనా?" అంది. ఫ్లోరంతా పగలబడి నవ్వాం. ఆ తర్వాత ఎవరి మాడ్యూలు వాళ్లే చేర్చుకున్నాం.

దొరగారు పొట్ట పట్టుకుని తిరిగొచ్చారు. ఫైలు చూశారు. భోజనాలవేళ సీట్లు ఖాళీ అవగానే పాత ఫైలు తెచ్చి దాని మీద పెట్టేశారు. మేమొచ్చేసరికి కొత్త మాడ్యూళ్లన్నీ మాయం. ఆయన బల్ల బల్లకీ తిరుగుతూ, "చూశారా, తెలియనివాళ్లు వేలు పెడితే ఇంతే" అని మమ్మల్ని ఓదార్చడం మొదలెట్టారు.

మేనేజరుగారు రిపాజిటరీ చరిత్ర తెరిచారు. ఎవరు ఏది మార్చినా అది పేరుతో సహా రాసుకుంటుంది. ఇన్నేళ్లు దాని పక్కనే కూర్చున్న మనిషికి ఆ సంగతి గుర్తు లేదు! ఆయన పేరు, పక్కనే ఆయనే కొట్టిన కారణం. మేనేజరు గట్టిగా చదివారు: "చెత్త తొలగించాను."

ఎవరూ నవ్వలేదు. బావమరిది మాత్రం మెల్లగా అడిగాడు, "ఏం బావా, నొప్పిగా ఉందా?"

"కుట్ల దగ్గర" అన్నారు దొరగారు, తల దించుకుని.

ఉద్యోగం పోలేదు, ఫైలు మాత్రం అందరిదీ అయింది. దొరగారిప్పుడు ఏసీ రిమోట్ సొరుగులో పెట్టి తాళం వేసుకున్నారు. చలేసినవాళ్లు ముందుగా మెయిల్ పెట్టాలట.