మా తోడికోడలి పొద్దుటి విమానం

మా తోడికోడలు అందగత్తె కాదు, మాటకారి అసలే కాదు. నడిస్తే బాతు నడిచినట్టే. అయినా విమానాశ్రయంలో దాన్ని ఎరగనివాళ్ళు లేరు. కడుపుమంటతో చెబుతున్నానని మీరనుకుంటే అనుకోండి, చెప్పేది మాత్రం నిజం.

ఇద్దరం ఒకే ఇంటి కోడళ్ళం, ఒకే బస్సులో పనికి వెళ్ళేవాళ్ళం. నేను ముందు దిగేదాన్ని, విదేశీ విమానాల హాలు దగ్గర. అక్కడి ఆడవాళ్ళ బాత్రూములు నా చేతిలో ఉండేవి. అద్దంలాంటి నేల, గుప్పుమనే సెంటు వాసనలు. మా తోడికోడలు చివరి స్టాపులో దిగేది. దేశం లోపలే తిరిగే చిన్న విమానాల హాలు అది. నడవలేనివాళ్ళను వీల్‌చైర్‌లో తోయడం దాని పని. మా అత్తగారు వచ్చిన ప్రతివాళ్ళతో "మా పెద్దకోడలు ఫారిన్ వైపు" అనేది. నేను విననట్టే ఉండేదాన్ని.

కొండ ఊళ్ళ నుంచి పొద్దున్నే ఒక చిన్న విమానం వచ్చేది. అందులో ముప్పాతికమంది పెద్దాసుపత్రికి వచ్చే రోగులే, వారం వారం వాళ్ళే. మా తోడికోడలికి పేర్లు గుర్తుండవు. జబ్బుతో పిలిచేది.

"ఏం మోకాలు పిన్నీ, ఇవాళ కాస్త వంగుతోందా?"

"కిడ్నీ బాబాయ్, మళ్ళీ ఉప్పు తిన్నావు కదూ! మొహమే చెబుతోంది."

వాళ్ళకు కోపం రాదు సరికదా, ఇంటి నుంచి పళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు. నేను ఒక్కరినైనా అలా పిలిస్తే మర్నాటికి ఇంట్లో కూర్చునేదాన్ని.

ఇలా ఉండగా పెద్ద విమానాలు ఎక్కువయ్యాయి. పొద్దున్నే దిగడానికి అన్నిటికీ రన్‌వే కావాలి. చిన్న విమానాన్ని మధ్యాహ్నానికి నెట్టేసి ఆ సమయం ఫారిన్ వాటికి ఇద్దామని పైవాళ్ళు ఆలోచించారు. మధ్యాహ్నం దిగితే డాక్టర్లు దొరకరు. రోగులు రావడం మానేస్తారు, విమానం ఆగిపోతుంది, దీని పని ఊడుతుంది. మా సూపర్‌వైజర్ నాతో మెల్లగా అన్నాడు.

"పెద్దమ్మా, ఆ టైము మనకొస్తే కొత్త హాలు తెరుస్తారు. ఇన్‌చార్జి మీరే."

ఆ సాయంత్రమే నేను ఇన్‌చార్జీలు వేసుకునేలాంటి నల్ల బూట్లు కొనుక్కున్నాను.

అది వంటింట్లో నా పక్కన చేరింది. "అక్కా, నా పని పోతే మీ వైపు ఏదైనా చూస్తావా?"

"చూద్దాంలే. ముందు తుడవడం నేర్చుకో" అన్నాను. ఆ మాట అంటుంటే నోరు తియ్యగా అయింది.

నిర్ణయానికి ముందు అందరి మాటా వింటామని మీటింగ్ పెట్టారు. రోగులు ఊతకర్రలతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. మీ తరఫున ఎవరు మాట్లాడతారని ఆఫీసరు అడిగితే ఇది లేచింది. నోరు తెరిచింది, మాట రాలేదు. నాకు లోపల నవ్వు పొంగుకొచ్చింది.

అప్పుడు కిడ్నీ బాబాయ్ లేచాడు. "ఆ పిల్ల మాట్లాడక్కర్లేదు. నేను మధ్యాహ్నం దిగితే నా రక్తం ఎవరు శుభ్రం చేస్తారు సార్, మీరా?"

మోకాలు పిన్ని కూడా లేచింది. "దీని విమానం సంగతి తేల్చండి. అప్పుడే కూర్చుంటా" అని మోకాలు పట్టుకుని అలాగే నిలబడింది. ఒకరి తర్వాత ఒకరు వరుసంతా లేచింది.

ఇన్నేళ్ళలో లోకమంతా నా బాత్రూముల్లోకి వచ్చి పోయింది. నాకోసం కుర్చీలోంచి లేచేవాళ్ళు అందులో ఒక్కరుంటారా?

చివరికి పొద్దుటి సమయంలో కొంత దేశం లోపలి విమానాలకే అట్టిపెట్టారు. ఎవరెంత ఇస్తామన్నా బయటివాటికి ఇవ్వకూడదన్నారు. కొత్త హాలూ లేదు, ఇన్‌చార్జీ లేదు.

ఇంటికొచ్చి అది గిన్నెలు తోముతూ కూర్చుంది. ఒక్క మాట దెప్పిపొడిచినా చక్కగా పోట్లాడి తేలికపడేదాన్ని. దెప్పలేదు.

"అక్కా, మా వైపు ఇంకో మనిషి కావాలట. వస్తావా?"

"నీ కిందా?"

"నా పక్కన."

ఒళ్ళు మండిపోయింది. ఇంత మంచితనం దీన్ని ఎవరడిగారు? అయినా వెళ్ళాను. వాళ్ళకు ఏం మందు పెట్టిందో నా కళ్ళతో చూడాలి కదా.

మొదటి రోజు వీల్‌చైర్ తీసుకుని విమానం మెట్ల దగ్గర నిలబడ్డాను. మోకాలు పిన్ని దిగి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వెవరమ్మా? మా పిల్లేది?"

"కూర్చోండి, నావీ చేతులే" అన్నాను.

"వద్దులే తల్లీ, నాకు తొందరేం లేదు."

అది వచ్చేదాకా ఆవిడ ఆ మోకాలితో నిలబడే ఉంది. ఖాళీ కుర్చీ పట్టుకుని నేనూ ఆవిడ ఎదురుగా నిలబడ్డాను.